ఊక, ఊకె

1985లో వానాకాలపు ధాన్యం మిల్లులకు చేరే వేళకు నన్ను వరంగల్‌కు బదిలీ చేశారు. కాలుష్య నియంత్రణ విభాగంలో సహాయ ఇంజినీరును. సొంతూరు తెనాలి. తెలుగు దేశంలో తెలుగువాడికి భాషతో ఇబ్బందేమిటన్న ధీమా మాత్రం నిండుగా ఉండేది.

అప్పగించిన పని మట్టెవాడ పక్కనున్న ఒక ఉప్పుడు బియ్యం మిల్లుది. బాయిలర్‌లో ఊక మండించేవారు. ఆ బూడిద పొగతోపాటు వీధి మీద పడేది. గొట్టానికి సైక్లోన్, అంటే పొగను గిరగిరా తిప్పి బూడిదను కిందికి రాల్చే డబ్బా, పెట్టించాలా వద్దా అన్నది తేల్చాలి. ఒకవైపు దాని ఖరీదు, నిర్వహణ. మరోవైపు పొగ తగ్గితే జనానికి మిగిలే మందుల ఖర్చు, కూలి డబ్బులు. రెండోది ఎక్కువైతేనే మిల్లుకు ఆదేశం.

ఇల్లిల్లూ తిరిగి దగ్గు ఎందుకొస్తోందని అడిగాను. "ఊకె వస్తది సారూ" అన్నారు దాదాపు అందరూ. నా తెనాలి చెవికి అది ఊక మీద ఫిర్యాదుగా వినబడింది. కారణం ఇంత స్పష్టంగా చెబుతున్నారే అని మురిసిపోయి, దగ్గులన్నీ ఊక ఖాతాలో వేశాను. ప్రయోజనం కొండంత అయింది.

విచారణ మా డివిజనల్ ఇంజినీరు గారి గదిలో జరిగింది. నివేదిక విని మిల్లు సేటు పడీ పడీ నవ్వాడు.

"మా దిక్కు ఊకె అంటే ఊరికే అని సారూ! వాళ్లు ఊకె దగ్గుతాన్నమంటే మీరు నా మిల్లు ఊక అని రాసుకున్నరా?"

గదంతా నవ్వింది. నేనొక్కణ్ణే ముఖం ముడుచుకుంటే బాగుండదని నేనూ నవ్వాను. ఆ ఊపులో సేటు ఇంకో మాట అన్నాడు: "పొగ ఊకెనే పోతాంది. దానికి గూడ పైసలు పెట్టాల్నా?"

సాక్షిగా వచ్చిన రాజమ్మ లేచింది. మిల్లు గోడ పక్కనే ఇల్లు, కూలి పని, ఆయాసంతో బాధపడే మనవడు.

"నీకు ఊకెనే పోతాంది సేటూ. మా ఇంట్లకు ఊకెనే వస్తలేదు. పోరనికి ఆయాసమొస్తే నా కూలి బందు, మీదికెళ్లి దవాఖాన ఖర్చు."

ఇంజినీరు గారు మిల్లు నడవని రోజుల్లో పిల్లవాడు ఎలా ఉంటాడని అడిగారు.

"ఉరుకుతడు" అంది రాజమ్మ.

ఆ ప్రశ్న నా సర్వేలో లేదు. మళ్లీ చేయమన్నారు. ఈసారి మట్టెవాడ గుమాస్తాను తోడిచ్చారు, తెలుగు నుంచి తెలుగులోకి తర్జుమా చేయడానికి. మిల్లు నడిచిన రోజులూ ఆగిన రోజులూ పోల్చాం. ప్రయోజనం కొండ నుంచి గుట్టకు దిగింది కానీ ఖర్చును మించింది. మరుసటి సీజనుకు సైక్లోన్ వచ్చింది.

నేర్చుకున్నది ఇంతే. జబ్బుకు కారణం రోగిని అడగకూడదు; పొగ లేని రోజు ఎలా ఉన్నాడో అడగాలి. ఏదైనా ఊరికే పోతోందని ఎవరన్నా అంటే, అది ఎవరింట్లోకి పోతోందో చూసి, ఆ ఇంటి ఖర్చును లెక్కలో వేయాలి.