పొడి అద్దం మీద వైపరు వెయ్యనివ్వని మా అత్తగారు

మా అత్తగారు పోయి పదిహేను రోజులైంది. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వీధి వసారాలో కుర్చీలో కూర్చున్నావిడ కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు. డెబ్బై మూడేళ్లు. పరామర్శకి వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుని, లేస్తూ లేస్తూ ఒకటే మాట అడిగారు. "ఇంక ఆ కారు అమ్మేస్తారాండి?" మనిషి పోయిన రోజున అడగాల్సిన మాటేనా ఇది! అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నాను. అమ్మం.

ఆవిడ ద్రాక్షారామం పక్కన మా ఊరి బళ్లో టీచరుగా చేశారు. రిటైరయ్యాక ఈ చిన్న ఎర్ర కారు కొని, రామచంద్రపురం వెళ్లి డ్రైవింగు నేర్చుకున్నారు. మామయ్యగారు అప్పటికే లేరు. మామయ్యగారి తమ్ముడు, మా చిన్నమామయ్యగారు, ఎదురింట్లోనే ఉంటారు. "కాలవగట్టు మీద ఆడవాళ్లు కారు తోలడమేంటి వదినా, జనం నవ్వుతారు" అన్నారట. "నవ్వనీవయ్యా, వాళ్ల ఒంటికి మంచిది" అన్నారట ఈవిడ. నేను కోడలిగా వచ్చిన ఏడాదే నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. మా ఆయనకి ఇప్పటికీ కారు రాదు. నేర్చుకోమంటే నవ్వేసి మోటారు సైకిలెక్కేస్తారు.

కారులో మిగతావన్నీ ఎలా ఉన్నా ఊరుకునేవారు గానీ వైపర్ల దగ్గర మాత్రం ఆవిడది చాదస్తమే. కోతల రోజుల్లో మా వైపు రోడ్డు మీదే ధాన్యం ఎండబోస్తారు. ఊక, దుమ్ము, సాయంత్రమైతే పురుగులు, అన్నీ వచ్చి అద్దం మీదే పడతాయి. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వైపరు తిప్పేస్తారు. ఆవిడ పక్కనుంటే నా చేతి మీద చురుక్కుమనేది. "పొడి అద్దం మీద వైపరు వెయ్యకమ్మాయ్. ఇసక పోసుకుని మొహం తోముకుంటావా నువ్వు?" ముందు నీళ్లు చల్లాలి, దుమ్ము జారాలి, తర్వాతే వైపరు. ప్రతి ఆదివారం పాత వాయిలు చీర ముక్క తడిపి, రబ్బరు అంచుని ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచేవారు. గుడ్డకి అంటిన నలుపు నాకు చూపించి గానీ ఉతికేవారు కాదు. ఎండలో కారు ఆగిందంటే వైపర్లు రెండూ అద్దం మీంచి ఎత్తి నిలబెట్టాల్సిందే. మామిడి పూత రోజుల్లో ఆ చెట్టు నీడన పెట్టనిచ్చేవారు కాదు, పైనుంచి జిగట కారుతుందని. "మరి ఎండకి రబ్బరు పాడవదాండి?" అన్నాను ఒకసారి. "ఎండైతే ఎత్తి పెట్టుకోవచ్చు. జిగటని ఏం చేస్తావు?" అన్నారు. కాకి రెట్ట ఎండిపోతే తడిగుడ్డ కప్పి నానబెట్టమనేవారు.

ఇంత చేసినా అవి శాశ్వతం కాదని ఆవిడకి తెలుసు. అద్దం మీద చారలు మిగలడం మొదలైతే మారు మాట్లాడకుండా కొత్తవి వేయించేవారు. "వాటి ఆయుష్షు మనం పెంచలేమమ్మా. మన చేత్తో తగ్గించకుండా ఉంటే చాలు" అనేవారు.

తగ్గించింది నేనే, ఒకసారి. మాది అమలాపురం వైపు. మా పుట్టింట్లో తలుపు కిర్రుమన్నా, కాలు బెణికినా, కుట్టుమిషను మొరాయించినా కొబ్బరినూనే. వైపరు రబ్బరు బిరుసెక్కినట్టు అనిపించి, అత్తగారిని మెప్పిద్దామని, ఆవిడ చూడకుండా రెండింటికీ దిట్టంగా పట్టించాను. ఆ మర్నాడు ఇద్దరం రామచంద్రపురం బయల్దేరాం. కాలవగట్టు మీదకి వచ్చేసరికి వాన. వైపరు వేశాను. అద్దమంతా ఒక్కసారిగా తెల్లగా అలుక్కుపోయింది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు హారను వినిపిస్తోంది, ట్రాక్టరు కనిపించడం లేదు. నేను కెవ్వుమన్నాను. ఆవిడ గొంతు మాత్రం బళ్లో ఎక్కం చెప్పినట్టే ఉంది. "ఎడమకి తిప్పకు, కాలవుంది. మెల్లిగా బ్రేకు. తల బయట పెట్టి చూడు." బండి ఆగింది. ట్రాక్టరు మమ్మల్ని రాసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది. ఆవిడ వానలోనే దిగి, రబ్బరు మీద వేలు రాసి వాసన చూసి, నా వైపు తిరిగారు. "కొబ్బరినూనా?" నేను ఏడ్చేశాను. "వైపరుకి జడెయ్యలేదు, నయం" అన్నారు.

ట్రాక్టరతను ఊళ్లో చెప్పనే చెప్పాడు. సాయంత్రానికి చిన్నమామయ్యగారు మా వసారాలో ఉన్నారు. "నేను ముందే చెప్పానా వదినా? ఆ తాళం ఇటిచ్చెయ్యి." నేను నోరు తెరిచేలోపు ఆవిడ అందుకున్నారు. "నూనె రాసింది నేనయ్యా. అరవై దాటినా నాకు తెలియలేదు, ఇవాళ తెలిసింది. తాళం నీకిస్తే నీకేం తెలుస్తుంది?" ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయారు. మర్నాడు మబ్బు పట్టి ఉండగానే అత్తగారు తాళం నా చేతిలో పెట్టి, "పద" అన్నారు. ఆ నింద ఆవిడ మీదే ఇన్నేళ్లూ ఉండిపోయింది. నేను పిరికిదాన్నై ఊరుకున్నాను. అందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆవిడ పోయిన మూడో రోజున అస్థికలు కోటిపల్లి రేవులో కలపాలి. జోరున వాన. చిన్నమామయ్యగారు ఆటో పిలిపించారు. కారుంది కదండీ, నేను తీస్తానన్నాను.

"రేవుకి ఆడవాళ్లేంటమ్మా? మన ఇంటా వంటా లేదు. ఆ తాళం ఇలా ఇయ్యి. తునిలో ఒకాయన కొంటానంటున్నాడు, దినాలవ్వగానే వచ్చి తీసుకెళ్తాడు."

"ఇవ్వనండి" అన్నాను. అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆ రోజు నూనె రాసింది అత్తయ్యగారు కాదండి, నేను. రాసింది నేనని తెలిసీ, మర్నాడు తాళం నాకే ఇచ్చారు. ఆవిడ ఇచ్చింది మీరు తీసుకోలేరండి."

నేను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. మా ఆయన అస్థికల కుండ పట్టుకుని ఆటో దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కుండ తడవకుండా దాని మీద కండువా కప్పారు. మా ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ వెనక ఎక్కింది. కారు కదపబోతుంటే అవతలి తలుపు తెరుచుకుంది. చిన్నమామయ్యగారి భార్య, మా చిన్నత్తయ్యగారు. మొగుడి మాటకి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "కాస్త జరగమ్మా" అంటూ ఎక్కి తలుపు ధడాల్న వేసుకున్నారు.

ఆటోలో చిన్నమామయ్యగారు ఒక్కరే మిగిలారు. కాలవగట్టు ఎక్కేసరికి ఆ ఆటో మా ముందుంది. చిన్నత్తయ్యగారు వెనక నుంచి ముందుకి వంగి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"అది దాటి పోనియ్యవే అమ్మాయ్. అక్క ముందు వెళ్లాలి."