పారాచూట్ ముక్క

మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్ళిన కాలం నాటి వస్తువులు పోగుచేయడం నాకు పిచ్చి. రాజమండ్రిలో మా ఇంటి బీరువా నిండా బ్యాడ్జీలు, తపాలా బిళ్ళలు, అప్పటి పత్రికలు. ఈ గోదావరి తేమకు బూజు పట్టే కాగితాలను ఎండబెట్టుకుంటూ బతుకుతూ వచ్చాను. మా ఆవిడ దాన్ని పాత సామాన్ల కొట్టు అంటుంది.

వాటిలో అసలైనది ఒక్కటే. ఒక వ్యోమగామిని నేలకు దించిన పారాచూట్‌లోంచి కత్తిరించిన అరచేయంత ముక్క. దాని మీద ఆయన దిగిన చోటి మట్టి మరక, పక్కనే సిరాతో సంతకం. నాలాంటి పిచ్చే ఉన్న ఒక విదేశీ ముసలాయన, పోయేముందు నాకు పంపాడు. మనసు బాగోనప్పుడల్లా తీసి ఆ మరక మీద వేలు పెట్టేవాణ్ణి.

అంచులు పీచులు లేస్తున్నాయని పోయిన ఏడాది నరసాపురం తీసుకెళ్ళి మా పిన్నికిచ్చాను. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చెయ్యి ఆవిడది.

"అంచు కుట్టిపెట్టు పిన్నీ. చాలా విలువైంది, జాగ్రత్త" అన్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి పిన్ని మొహం వెలిగిపోతోంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి గుడ్డ, చుట్టూ సన్నటి లేసు.

"మట్టి తొందరగానే వదిలిందిరా నాన్నా. ఆ సిరా మరకతోనే చచ్చాననుకో. బ్లీచింగ్‌లో నానబెడితేగానీ పోలేదు."

లేసు పనిలో ఆఖరి పని ఉతుకు. చిన్న మరక ఉన్నా సరుకు వెనక్కొచ్చేస్తుంది. విలువైందని నేను చెప్పబట్టి ఇంకాస్త శ్రద్ధగా ఉతికింది.

"ఏంటిరా, బాలేదా?"

"బాగుంది పిన్నీ."

రైల్లో కిటికీ వెలుగుకు పట్టి చూశాను. గీత కూడా మిగల్లేదు. పక్కన జనం ఉన్నా ఏడుపు ఆగలేదు. సంతకం చేసినాయన లేడు, పంపినాయన లేడు. ఇది ఫలానాదని చెప్పడానికి నా నోటిమాట తప్ప ఏమీ లేదు. అప్పటినుంచి బీరువా తెరవబుద్ధి కావడం లేదు. లోపల బూజు పడితే పట్టనీ అనిపిస్తోంది.

పిన్ని వస్తే అడుగుతుందని ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. మొన్న పక్కింటాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అడుగుతాడేమో, మొదటినుంచీ చెప్పుకుందామని ఆశపడ్డాను.

"లేసు భలే ఉందండీ. ఎక్కడ చేయించారు?" అన్నాడు.

"నరసాపురంలోనండి" అన్నాను.