ఎర్రదారం కుట్టిన చొక్కాలు

టీచరుగా రిటైరయ్యాక, ప్రత్తిపాడులో మా చర్చి స్త్రీల సమాజం నడిపే పాత బట్టల కొట్టు నా నెత్తిన పడింది. జనం ఇచ్చిన బట్టలు ఉతికించి, చవగ్గా అమ్మి, వచ్చినదాంతో హాస్టల్ పిల్లలకు దుప్పట్లు కొంటాం. మంచి పనే. మంచి పనికీ కాపలా కాయాలని అక్కడే తెలిసింది, నా ఓపికా అక్కడే అయిపోయింది.

మిరపకోతలు మొదలైతే మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలకు గిరాకీ. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద అవే తొడుక్కుంటారు. ఆ యేడు చొక్కాలు మాయమవుతూ వచ్చాయి. ప్రతి చొక్కాకీ కాలరు వెనక ఎర్రదారం కుట్టాం, అమ్మినప్పుడు కత్తిరించేలా. అయినా పోయాయి. కమిటీ కన్ను బట్టలు మడతపెట్టే ఆవిడ మీద పడింది. భర్త లేడు, ఆ జీతంతోనే ఇల్లు గడవాలి. రోజూ వెళ్ళేటప్పుడు ఆమె సంచీ చూడమన్నారు. ఇంకొక్క చొక్కా పోతే మానిపించేద్దామన్నారు. సిగ్గు చంపుకుని చూశాను. టిఫిన్ డబ్బా, మంచినీళ్ళ సీసా తప్ప ఏముంటాయి?

ఒకరోజు పొద్దున్నే కూలీల ఆటో మా వీధిలో ఆగింది. ముందు కూర్చున్న ముఠా మేస్త్రమ్మ కాలరు వెనక ఎర్రదారం వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, డబ్బులివ్వకుండా ఎత్తుకెళ్తావా?"

"ఎత్తుకెళ్ళటమేందండీ టీచరమ్మగారూ! నా పాత చొక్కా మీ కొట్లోనే తగిలించి, ఇది తొడుక్కొచ్చా. మా ముఠా అంతా అంతే. చొక్కాకి చొక్కా. మీకేం తగ్గింది?"

కొట్లో కనబడే, చిరిగి మిరప ఘాటు కొట్టే పాత చొక్కాలను అన్నాళ్ళూ ఎవరో మహానుభావులు దానమని తగిలించి పోతున్నారనుకున్నాను. తుమ్ముకుంటూ, తిట్టుకుంటూ, బట్టలు మడతపెట్టే ఆవిడ చేతే బయట పారేయించాను.

కమిటీకి చెబితే అందరూ నవ్వారు. అనుమానించినందుకు మడతపెట్టే ఆవిడకు ఒక మాట చెబుదామన్నాను. "ఉద్యోగం ఉందిగా, ఇంకెందుకండీ" అన్నారు. పాత చొక్కా తెస్తే సగం ధరకే ఇంకోటి ఇస్తామని బోర్డు పెట్టాం. చొక్కాలు పోవడం ఆగింది.

ఇక సంచీ చూపించక్కర్లేదని ఆవిడకు నేనే చెప్పాను. తలూపింది. ఆ సాయంత్రం మళ్ళీ సంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించింది.

"వద్దన్నాను కదమ్మా!"

"రేపు ఇంకోటేదో పోద్ది కదండీ. అప్పుడు నా సంచీ చూశానని చెప్పటానికి మీరన్నా ఉండాలిగా."

ఒక్కొక్కటీ తీసి చూశాను.