పడని తిండి

రెండు మాటలు. వాటిని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. బరువు మోసేవాడు భుజం మార్చుకుంటాడు, చుట్టకుదురు సర్దుకుంటాడు, ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకుంటాడు. వీటిని దించడానికి నాకు చోటు దొరకలేదు. మా ఇంటామె పక్కనే ఉంది, ఆమెకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. అదీ అనుమానంతోనే.

మీరెవరో నాకు తెలియదు. మీలో మా ఊరివాళ్లు ఉండవచ్చు. పేరు లేకపోయినా ఫలానావాడేనని గుర్తుపట్టి, సారపాక సెంటర్లో చాయ్ తాగుతూ నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ నవ్వును కూడా గుర్తుపెట్టుకుంటాను. నా తత్వమే అంత. ఒక పెళ్లిలో అందరికీ మంచి ముక్కలు వడ్డించి నా విస్తట్లో కోడిమెడ వేసినవాడు ఇప్పటికీ దారిలో ఎదురైతే నేను మాట్లాడను. అతనికి ఆ సంగతే గుర్తుండదు. నాకు ఆ మెడ ఎటు వంగి ఉందో కూడా గుర్తుంది.

మా ఊరు అడవి అంచున ఉంటుంది. నల్లనేలల్లో మిర్చి వేస్తాం, రాళ్ల నేలల్లో జామాయిల్ పెంచుతాం. మిర్చి నారుమడిలో మొదటి గింజలు ఎవరు పడితే వాళ్లు చల్లరు. హస్తవాసి ఉన్నవాళ్లను బొట్టు పెట్టి పిలుస్తారు. మా వీధిలో ఆ చెయ్యి భద్రమ్మది. మా ఇంటికి ఎదురిల్లు. భర్త పోయాక ఒక్కతే ఉండేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. మడి కాలం వచ్చిందంటే ఆమె ఇంటి ముందు ఏ మోటారు సైకిలో ఆగి ఉండేది. ఆమె చల్లిన మడి ఒత్తుగా, పచ్చగా లేచేది. కనీసం అందరూ అలా చెప్పుకునేవారు.

ఒక ఏడు మేమూ పిలిచాం. ఆమె గింజలు తీసుకొని మడి దగ్గర వంగింది. నేను పక్కన నిలబడ్డాను.

"జరుగు తమ్మీ, నీ నీడ పడుతున్నది మడి మీద" అంది.

గడ్డి తీస్తున్న ఆడవాళ్లు నవ్వారు. నేను జరిగాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా ఉంది, గింజ ఎక్కడ పడుతోందో ఆమెకు కనబడి ఉండదు. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత తేలిగ్గా తోస్తోంది! ఆ రోజు మాత్రం, నా నీడ సోకితే నారు మొలవదని పదిమందిలో నన్ను అన్నట్టే విన్నాను. అప్పటినుంచి ఆమె ఏం మాట్లాడినా అందులో ఇంకో మాట దాగి ఉందనే వెతికేవాణ్ణి. వెతికితే దొరకని మాట ఉంటుందా?

జామాయిల్ కర్ర కొట్టించినప్పుడు నాకు ఒక తాబేలు దొరికింది. ఎండుటాకుల కింద, రాయి అనుకొని కాలితో తన్నబోయి ఆగాను. వీపంతా పసుపుపచ్చ గీతలు. ఇంటికి తెచ్చాను. ఊళ్లో సగం మందితో మాటలు లేని నాకు, మాటే లేని ఆ జీవి బాగా కుదిరింది. నా వేళ్ల మధ్యనుంచి తోటకూర కాడను లాక్కొని తినేది. ఇంకెవరు పెట్టినా ముందు తల లోపలికి తీసుకునేది. ఇది చూసి నేను ఎంత పొంగిపోయేవాణ్ణో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా చేతికీ ఒక గుణం ఉందని అనుకున్నాను.

అలాంటిది, ఒకరోజు గేటు సందులోంచి వీధి దాటి భద్రమ్మ వాకిట్లోకి పోయింది. అక్కడ మందార చెట్టు ఉంది. రాలిన పువ్వులు తింటోంది. భద్రమ్మ నవ్వుతూ కేకేసింది.

"తమ్మీ, మీ ఇంటి పెద్దమనిషి మా ఇంటికొచ్చిండు. మర్యాద చెయ్యాల్నా, పంపియ్యాల్నా?"

మా ఇంటి పెద్దమనిషి తాబేలైతే మరి నేనెవరు? రోజంతా అదే ఆలోచన. మర్నాడు మళ్లీ పోయింది. పువ్వులు వాటంతట అవే రాలుతున్నాయా, ఆమె రాల్చి పెడుతోందా? మచ్చిక చేసుకుంటోందా? గేటు సందుకు ఒక చెక్క అడ్డం పెడితే సరిపోయేది. నేను పెట్టలేదు. పశువులకు నీళ్లు పెట్టే సిమెంటు గోలెం ఖాళీగా ఉంటే, అందులో బెత్తెడు లోతు నీళ్లు పోసి, మధ్యలో ఒక ఇటుక వేసి, తాబేలును దింపాను. ఇక ఎటూ పోలేదు.

చలి మొదలైన రోజులవి. మా ఇంటామె చూసి, "సల్లటి నీళ్లల్ల ఏందయ్యా గట్ల?" అంది.

"తాబేలు నీళ్లల్ల ఉండక చెట్టు మీద ఉంటదా?" అన్నాను.

నాకు తెలిసిన తాబేళ్లన్నీ చెరువుల్లోవే. నీళ్ల దానికైనా నేల దానికైనా మా నోట ఒకటే మాట, తాబేలు. అంతవరకు తెలియక చేసిన తప్పు అని వదిలేయవచ్చు. ఆ తరువాతది అలాంటిది కాదు.

కొద్ది రోజులకు అది తినడం మానేసింది. తోటకూర పెట్టాను. మునగాకు పెట్టాను. గుమ్మడి పువ్వు పెట్టాను. తల బయటికి పెట్టి, చూసి, మళ్లీ లోపలికి తీసుకునేది. ఆకులు వాడిపోయేవి. మా ఇంటామె చూడకముందే తీసి గోడ అవతల పారేసేవాణ్ణి. ఎందుకు? ఎవరు అడిగారని? నా చేతి తిండి నచ్చడం లేదన్న సంగతి నాకు నేనే ఒప్పుకోలేకపోయాను. అంతే. ఇదే అసలు ముచ్చట, దీన్ని ఇన్నాళ్లు దాచాను. అది తిండి మానేసింది నా చేతిలో. భద్రమ్మ చేతికి పోకముందే.

మార్గశిరంలో సత్తుపల్లిలో మా ఇంటామె తరఫు పెళ్లి పడింది. కొద్ది రోజులు ఉండక తప్పదు. తాబేలును ఎవరికి అప్పగించాలి? భద్రమ్మకే అప్పగించాను. "నీళ్లల్లనే ఉంచు అక్కా, బయటికి తియ్యకు" అని గట్టిగా చెప్పాను కూడా. తినడం లేదని మాత్రం చెప్పలేదు. అంత అనుమానించే మనిషికే ఎందుకు అప్పగించానంటారా? చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆమె చెయ్యి మంచిదని ఊరందరికంటే ఎక్కువగా నమ్మినవాణ్ణి నేనే. ఆ చెయ్యి తగిలితే తింటుందేమో అన్న ఆశ. ఆశ పెట్టుకున్నానని ఆమెకు తెలియకూడదన్న పట్టుదల. రెండూ ఒకేసారి ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి భద్రమ్మ గోలెం పక్కనే కూర్చొని ఉంది. "తింటలేదు తమ్మీ. దోసకాయ పెట్టిన, మందారపూలు పెట్టిన. ముట్టలే" అంది. తాబేలు కళ్లు మూసుకుపోయాయి. ముక్కు దగ్గర నురగ బుడగలు. ఊపిరి తీస్తే సన్నగా చప్పుడు. నేను ఆమెతో మాట్లాడకుండా, గోలెంలో తేలుతున్న దోసకాయ ముక్కను తీసి వాసన చూశాను. ఆమె చూస్తుండగానే చూశాను.

పశువుల దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు తాబేలును తిప్పి చూసి, నన్ను కూడా అలాగే చూశాడు.

"ఇది మెట్ట తాబేలు. నీళ్లల్ల ఎందుకేసిన్రు? సల్లకు నిమ్ము చేరింది. తిండి మానేసి చాన రోజులైనట్టున్నది. ఇంకొకటి, వీటిని ఇండ్లల్ల పెట్టుకునుడు నేరం. నయమైనంక అడవి ఆఫీసుల అప్పజెప్పున్రి."

సూది వేశాడు. పొడిగా, వెచ్చగా ఉంచమన్నాడు. దారి పొడవునా నా తలలో ఒక్కటే తిరిగింది. దీన్ని నేనే చంపుకుంటున్నాను. ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది. నేరమని భద్రమ్మకు తెలుసా? తెలిసి ఆఫీసులో చెబుతుందా? నేనే నీళ్లలో వేశానని ఊరంతా చెబుతుందా? ఆమె ఎవరి మీదా ఎప్పుడూ ఒక్క మాట చెప్పిన మనిషి కాదు. ఇప్పుడు ఆ సంగతి ఎంత సులువుగా రాస్తున్నాను! అప్పుడు మాత్రం లెక్క వేరు. ముందు మనం ఒక మాట అనేస్తే, తరువాత ఆమె ఏం చెప్పినా కక్షతో చెప్పిందంటారు.

భద్రమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. మా ఇంటామె కూడా బయటికి వచ్చింది.

"ఏమన్నడు తమ్మీ డాక్టరు?" అంది భద్రమ్మ.

"పడని తిండి పెట్టిన్రన్నడు."

ఇవే. పడని తిండి.

"నేను దోసకాయనే పెట్టిన తమ్మీ. గా కాయల సగం నేనే తిన్న."

"నువ్వు తిన్నవో లేదో నేను చూసిన్నా అక్కా?"

"ఏంది తమ్మీ గట్లంటవ్? నోరులేని జీవానికి నేనేం పెడ్త?"

"డాక్టరు మాట చెప్తున్న. నా మాట కాదు."

ఆమె అరచేతులను చీరకు తుడుచుకుంది. వాటికి ఏమీ అంటుకొని లేదు. మళ్లీ తుడుచుకుంది. నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు.

తాబేలును అట్టపెట్టెలో వరిగడ్డి పరిచి, బల్బు కింద పెట్టాను. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు మునిగేంతవరకే ఉంచి, తుడిచి, ఎండలో పెట్టేవాణ్ణి. కళ్ల పుసులు దూదితో తీసేవాణ్ణి. తిండి మాత్రం ముట్టేది కాదు. మూసిన ఆ నోటి ముందు ఆకు పట్టుకొని కూర్చొని కూర్చొని, ఒక పొద్దున వీధిలోకి వచ్చాను. భద్రమ్మ మందార కొమ్మ గోడ మీదుగా బయటికి వాలి ఉంది. ఎవరూ లేరని అటూ ఇటూ చూసి ఒక పువ్వు తెంపాను. దొంగలాగా జేబులో పెట్టుకున్నాను. తాబేలు చాలాసేపు చూసింది. మెడ చాచింది. ఒక రేకును కొరికింది.

నా కళ్లలో నీళ్లు వచ్చాయి. దాన్ని అబద్ధమనకండి. కానీ అదే కళ్లతో వీధిలోకి పోయి ఏం చెప్పానో కూడా వినండి. "గామె చెయ్యి తప్పినంకనే తిన్నది" అన్నాను. ఆమె పువ్వే తిన్నదని చెప్పలేదు. ఈ మాట విని భద్రమ్మ తన వాకిట్లోంచే, "తిన్నదా? బతికిందిపో" అంది. ముఖం నిజంగా వెలిగింది. ఆ సంతోషాన్ని కూడా నేను నమ్మలేదు. దేన్ని దాచడానికి అంత సంతోషం అనుకున్నాను.

తాబేలు పూర్తిగా కోలుకున్నాక దొరికిన జామాయిల్ తోటలోనే వదిలేశాను. ఆఫీసులో అప్పగించలేదు, భయపడ్డాను. అది పోయింది. మాట ఉండిపోయింది.

ఆ తరువాత వచ్చిన మడి కాలంలో భద్రమ్మ ఇంటి ముందు ఏ బండీ ఆగలేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు. పిలవలేదు, అంతే. మా ఇంటామె ఆమెతో కూర పంచుకోవడం మానేసింది, తరువాత మాటే మానేసింది. ఇవన్నీ నేను చూశాను. కొన్నాళ్లు తృప్తిగానే చూశాను. నన్ను కుదిపింది మాత్రం ఇంకొకటి. ఒక రోజు భద్రమ్మ తన పెరట్లో గుంటలు తవ్వుకొని, చిక్కుడు గింజలు పక్కింటి కోడలి చేతిలో పోసి, "నువ్వే పెట్టు బిడ్డా" అంటోంది. తన గింజలు, తన నేల. ఊరు నమ్మడం వేరు. ఆమే నమ్మేసింది.

కొన్నేళ్లకు, ఇక ఉండబట్టలేక, మా మడి చల్లడానికి రమ్మని నేనే పోయి పిలిచాను. పిలిస్తే సరిపోతుందని, చెప్పే పని తప్పుతుందని అనుకున్నానేమో.

"వద్దు తమ్మీ" అంది. "మూగజీవమే నా చేతి తిండి సహించలే. నీకు ఎరికే గదా. పచ్చని మడి పాడుజెయ్యాల్నా?"

నీకు ఎరికే గదా! ఎత్తిపొడుపు అనుకొని ఆమె ముఖంలో వెతికాను. ఎంత వెతికినా అందులో ఏమీ లేదు. అప్పుడు చెప్పవలసింది. "సరే అక్కా" అని వచ్చేశాను. మొదటి అబద్ధానికి భయం ఉంది, కోపం ఉంది. ఈ మౌనానికి ఏ సాకు చెప్పను?

నిన్న మధ్యాహ్నం ఇక్కడిదాకా రాసి, ఒక వాక్యం సరిగా ఉందో లేదో అని పైకి చదువుకున్నాను: భద్రమ్మ చేతికి పోకముందే.

అవతలి గదిలో మా ఇంటామె ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అంది.

ఏం లేదు అనబోయాను. "నీతోనే" అన్నాను.

పోయి ఎదురుగా కూర్చొని మొత్తం చెప్పాను. గోలెం, గోడ అవతల పారేసిన ఆకులు, డాక్టరు అన్నది, అననిది, జేబులో పువ్వు. ఆమె చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"డాక్టరు అనలేదా?"

"అనలే. నేనే అన్న."

"గామె నా పెండ్లయినప్పటిసంది నాకు అక్క. నీ మాట నమ్మి మాట బంద్ జేసిన."

"అవ్."

ఆమె లేచింది. చేతులు కడుక్కుంది, చెప్పులు వేసుకొని బయటికి పోయింది. ఎక్కడికని అడగలేదు. వీధి అవతల గేటు తీసిన చప్పుడు వినిపించింది. ఏం మాట్లాడుకుంటున్నారో, నన్ను ఏమంటున్నారో అని ఎప్పటిలాగే అనుమానం లేచింది. లేవనిచ్చాను. ఈసారి వాళ్లు ఏమన్నా అది నాకు తగినదే.

పొద్దు వాలాక తిరిగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. భద్రమ్మ ఏమందో చెప్పలేదు. అన్నం వడ్డించి, పక్కన కూర్చోకుండా లేచి పోయింది. ఒక్కణ్ణే తిన్నాను. చాలా ఏళ్ల తరువాత ముద్ద ఎక్కడా ఆగకుండా దిగింది. అలా దిగినందుకు సిగ్గుపడుతూనే, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.