ఐసులో పెట్టిన వేడినీళ్ళు

ఆ రోజుల్లో మా దీవుల రేవు హాడోలో మా ఈడు వాళ్ళకి రెండే కోరికలు: సర్కారీ నౌకరీ దొరకడం, అది పర్మనెంటు కావడం. నేనో లాబరేటరీలో టెంపరరీ అటెండర్ని. సీసాలు కడగడం తప్ప ఏమీ రాకపోయినా సగం శాస్త్రవేత్తనన్న పొగరు మాత్రం నిండుగా ఉండేది. అప్పుడే, వేడినీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవుల కోసమని మెయిన్‌లాండ్ నుంచి ఒక సాబ్ దిగాడు. జేబులో ఎప్పుడూ థర్మామీటరు ఉండేది కాబట్టి జ్వరం సాబ్ అనేవాళ్ళం. "బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం ఒడ్డున ఊట ఉంది. సముద్రం అలవాటున్నవాడివి, నువ్వు రా. పని సరిగ్గా చేస్తే పర్మనెంటుకి నేనే రాస్తా" అన్నాడు.

బోటు హార్బరు దాటగానే మహానుభావుడు వాంతులు మొదలెట్టాడు. ద్వీపం చేరేసరికి లేవలేక, పడుకునే విజ్ఞానం వడ్డించాడు: "వేడిని బట్టి జీవులు మారతాయి. మూడు చోట్ల నీళ్ళు పట్టు. కంబళిలో చుట్టు. చల్లారకూడదు, సమజయిందా?" "సమజయింది సాబ్" అన్నాను (ఏమీ కాలేదు). నేనొక్కణ్ణే దిగాను. ఒడ్డున రాళ్ళ మధ్య నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వేలు పెట్టలేని చోట తెల్లటి దారాలు, కాస్త దిగువన పచ్చటి పాచి, పది లెక్కపెట్టేదాకా వేలు ఆగే చోట నారింజ రంగు జిగురు. అంత వేడిలో కాపురాలేమిటని ఒళ్ళు జలదరించింది.

మూడు చోట్లా నింపి కంబళిలో చుట్టిన సీసాలు తిరుగు ప్రయాణంలో కుళ్ళిన గుడ్ల కంపు కొట్టాయి (అది ఊటలోని గంధకమని నాకేం తెలుసు!). చేపలవాళ్ళ ఇంట్లో కంపుకి ఒకటే మందు. "నీటిలోంచి తీసిందేదైనా ఎంటనే ఐసులో ఎట్టీయాలిరా" అని మా అయ్య నేర్పాడు. శాస్త్రాన్ని కాపాడుతున్నానన్న గర్వంతో కంబళి విప్పి, సీసాలన్నీ బోటువాళ్ళ వంజరం చేపల ఐసుపెట్టెలో పూడ్చేశాను.

హాడోలో పెట్టె తెరిచి సాబ్ కెవ్వుమన్నాడు. బిరడాల సందుల్లోంచి చేపనెత్తురు సీసాల్లోకి దిగింది. "అరే ఉల్లూ! ఇది ఊట నీరా, చేపల పులుసా?"

"కంపొచ్చింది సాబ్... పాడైపోతాయేమోనని ఎట్టీసినాను..."

నా నౌకరీకి నీళ్ళొదులుకున్నాను. కానీ నా మీద రిపోర్టు రాస్తే, తను బోటే దిగలేదని కూడా రాయాలిగా! వారం తర్వాత వచ్చిన కాగితంలో, నమూనాలు సాబ్ స్వయంగా సేకరించాడనీ, అవి ప్రయాణంలో పాడయ్యాయనీ, అటెండరు మిక్కిలి జాగ్రత్త గల మనిషనీ ఉంది. అలా పర్మనెంటయ్యాను.

సాబ్ అబద్ధాన్ని ఈసడించుకుంటూ, దాని జీతమే తింటూ చాలా ఏళ్ళు గడిపాను. తర్వాత కొండ మళ్ళీ రాజుకుని ఆ ఒడ్డుని లావాతో కప్పేసింది. మా ఇద్దరిలో ఆ రంగుల్ని చూసినవాణ్ణి నేనే. ఏ రంగు ఎక్కడుందని సాబ్ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. ఒక్క కాగితం మీదైనా, వేడిని బట్టి మారిన ఆ రంగుల వరస గీసి ఉంచాల్సింది. చెవి మీద సర్కారీ పెన్సిలు పెట్టుకుని పెద్దమనిషిలా తిరిగిన అప్పటి నన్ను, ఆ మొద్దుని తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక కాస్త దిగులేస్తుంది.