టోర్కిల్ నీళ్ళ డబ్బా

మా ఆఫీసులో కంప్యూటర్లు మొరాయించినప్పుడల్లా టోర్కిల్ పూలమొక్కలకు నీళ్ళు పోసేవాడు. వాటిని బాగుచేయడానికి జీతం పుచ్చుకునే మనిషి అతనొక్కడే. ఇల్లంటుకుందని కబురు పెడితే ఫైరింజను వచ్చి, పెరట్లో క్యాబేజీ తడిపి వెళ్ళిపోయినట్టుండేది మాకు.

ఫ్యూన్ ద్వీపానికి దక్షిణపు అంచున, రేవు పక్కన ఉండేది మా ఆఫీసు. కాలు విరిగినవాళ్ళకూ నడుం పట్టేసినవాళ్ళకూ పురపాలక సంఘం తరఫున చక్రాల కుర్చీలు, చేతికర్రలు, ఎత్తీ దించే మంచాలు వాడుకోవడానికి ఇచ్చేవాళ్ళం. ఏ కుర్చీ ఎవరింట్లో ఉందో, ఏ మంచం ఖాళీగా ఉందో అంతా ఒకే డేటాబేసులో ఉండేది. మేమంతా ఎవరి బల్ల దగ్గర వాళ్ళం కూర్చుని దాన్ని ఒకేసారి తెరిచేవాళ్ళం, ఒకే కంచంలో ఇంటిల్లిపాదీ చెయ్యి పెట్టినట్టు. ఏదో ఒక వేళ అది బిగుసుకుపోయేది. "ఈ వివరాలను మరొకరు మారుస్తున్నారు, కాసేపాగండి" అని తెర మీద పడేది. ఆ మరొకరి పేరు మాత్రం చెప్పేది కాదు. మర్యాదస్తురాలు.

"టోర్కిల్! మళ్ళీ బిగుసుకుంది!" అని బిర్తె కేకేసేది. బిర్తెది నా ఎదురు బల్ల. ఆమె కేకకు రేవులో సీగల్ పక్షులు లేచిపోయేవి.

"వస్తున్నా, వస్తున్నా." వెంటనే వంటగదిలో కొళాయి తిప్పిన చప్పుడు. పొడవాటి ముక్కున్న ఆకుపచ్చ డబ్బా ముందు, దాని వెనక టోర్కిల్.

"నీళ్ళు తర్వాత పోద్దువులే మహానుభావా, ముందు దీని సంగతి చూడు!"

"మొక్కలు వాడిపోతున్నాయి బిర్తె."

"ఇక్కడ మనుషులు వాడిపోతున్నారు!"

అతను బల్ల బల్లకూ వెళ్ళి, కుండీలో వేలు పెట్టి చూసి, నాలుగు చుక్కలు పోసి ముందుకు నడిచేవాడు. విచిత్రమేమిటంటే, ఆ ప్రదక్షిణ పూర్తయ్యేసరికి డేటాబేసు తనంతట తనే తెరుచుకునేది. "చూశారా, కాస్త ఓపికపడితే అన్నీ సర్దుకుంటాయి" అనేవాడు. ఇలాంటి వేదాంతికి కంప్యూటర్లు అప్పజెప్పిన ప్రభుత్వాన్ని నేను మనసులోనే తిట్టుకునేదాన్ని.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు రిగ్మోర్. అప్పటికి అరవైకి దగ్గర పడ్డాను. ఆ ఆఫీసులో బుర్ర పెట్టి పనిచేసేది నేనొక్కదాన్నేనని నా గట్టి నమ్మకం. ఒక వివరం సగం టైపు చేయగానే ఆ వరుస పక్కన చిన్న పెన్సిల్ బొమ్మ వచ్చేది. నాలాంటి చదువరుల కోసం ఎవరో ముచ్చటపడి పెట్టిన అలంకారమనుకున్నాను. పెన్సిల్ కనబడగానే సొరుగులోని నవల గుర్తొచ్చేది. "ఒక్క పేజీ" అని బయటికి తీసేదాన్ని. ఒక్క పేజీ చదివి పుస్తకం మూసిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

టోర్కిల్ మీద నాకు మరో కోపం కూడా ఉండేది. అతని చేతి నీళ్ళకు బిర్తె మొక్క గోడెక్కి కిటికీ దాటింది. నా జెరేనియం మాత్రం వేళ్ళు కుళ్ళి చచ్చింది. ఇంకొకటి తెచ్చాను, అదీ చచ్చింది. మూడోది ఆకులు వేలాడేసి నా వంక దీనంగా చూస్తుండేది.

"నా మొక్కంటే నీకేం పగ?" అని ఒకనాడు నిలదీశాను. "వాళ్ళకు చుక్కలూ, నాకు చెరువూనా?"

"నీ మొక్కకు దాహమెక్కువ రిగ్మోర్" అన్నాడు నా బల్ల మీదకు వంగి. వంగినవాడి మోచెయ్యి నా కీబోర్డు మీద ఆనింది. ఇంత అడ్డదిడ్డంగా నీళ్ళు పోసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మా వైపు ఒక ఆచారం ఉంది. పనిలో తప్పు చేసినవాళ్ళు ఆ శుక్రవారం అందరికీ కేకు తేవాలి. డేటాబేసును బిగించిన దొంగ దొరకలేదు కాబట్టి కేకు టోర్కిలే తెచ్చేవాడు. పైన వెన్నా బెల్లపు రంగు చక్కెరా కరిగి మెరిసే బ్రూన్స్‌వీయర్, ఇంట్లో స్వయంగా చేసింది. "కంప్యూటర్లు కేకు చేసుకోలేవు కదా, పాపం" అనేవాడు. నేను రెండు ముక్కలు తింటూ, "ఈ దొంగకు సిగ్గనేది ఉంటేనా!" అని అందరి మొహాలూ అనుమానంగా చూసేదాన్ని. అందరూ కాఫీ కప్పుల్లోకి చూసేవాళ్ళు.

ఇలా నవ్వులాటగా సాగిపోతుండగా ఒక నడుం మా కొంప ముంచింది. నడుం పట్టేసి ఆసుపత్రిలో చేరి ఇంటికొస్తున్న ఒక ముసలి జాలరికి మంచం పంపాలి. మంచం వివరాలు బిగుసుకుపోయాయి. టోర్కిల్ ఆ పూట దంత వైద్యుడి దగ్గర నోరు తెరుచుకుని ఉన్నాడు. మంచం వెళ్ళేదాకా ఆ పెద్దాయన పొట్టి సోఫాలో కాళ్ళు బయటికి చాపి పడుకున్నాడు. ఆయన భార్య ఫోన్‌లో మా అధికారి విగ్గోకు పెట్టిన చీవాట్లు పక్క గదిలో మాకూ అందాయి.

విగ్గో మమ్మల్ని పోగేశాడు. "చాలు! సోమవారం నుంచి ఎవరు బిగిస్తే వాళ్ళ పేరు తెర మీద పడాలి. టోర్కిల్, ఆ ఏర్పాటు నువ్వే చెయ్యి. పేరు పడ్డవాళ్ళు ఇక డేటాబేసు ముట్టుకోరు. షెడ్డులో వాపసొచ్చిన చక్రాల కుర్చీలు కడగాలి."

"చన్నీళ్ళతో!" అన్నాన్నేను. చప్పట్లు కూడా కొట్టాను. "బుద్ధి రావాలంటే చన్నీళ్ళే మంచిది."

"రిగ్మోర్..." అని బిర్తె నా చెయ్యి గిల్లింది.

"ఏం, నీకెందుకు భయం?" అన్నాను. ఆమె మీద నా అనుమానం బలపడింది.

సోమవారం అందరం విగ్గో తెర ముందు గుమిగూడాం. అలవాటు ప్రకారం డేటాబేసు బిగుసుకుంది. ఈసారి పేరు కూడా పడింది: టోర్కిల్.

"నువ్వా!" అన్నాడు విగ్గో. "నువ్వు నీళ్ళ డబ్బాతో ఇక్కడే నిలబడి ఉన్నావు కదయ్యా!"

"అదే కదా తప్పు. అక్కడ తెరిచి పెట్టి ఇక్కడికొచ్చాను."

మర్నాడు బిగుసుకున్నప్పుడూ అదే పేరు. మాటంటే మాటే. టోర్కిల్ రబ్బరు బూట్లు వేసుకుని, డబ్బా మా కిటికీలో పెట్టేసి, షెడ్డుకు వెళ్ళిపోయాడు. "నీళ్ళ పనే కదా" అన్నాడు వెళుతూ. న్యాయం గెలిచిందని నేను సొరుగు లాగాను.

ఆ వారంలో రెండు వింతలు జరిగాయి. నా జెరేనియం మొగ్గ తొడిగింది. బిగుసుకున్న డేటాబేసు ఇక తెరుచుకోవడమే మానేసింది. ఫోన్లు గోలపెడుతున్నాయి, విగ్గో జుట్టు పీక్కుంటున్నాడు. "ముందు అతన్ని పిలవండి!" అన్నాడు చివరికి.

టోర్కిల్ తడి బూట్లతో వచ్చి డబ్బా అందుకున్నాడు. తొందరలో ఉన్నాడేమో, ప్రదక్షిణ మానేశాడు. బిర్తె మొక్కను దాటి తిన్నగా నా దగ్గరికొచ్చి, నవల పక్కనున్న కుండీలో డబ్బా వంచాడు. నేను పేజీ మీంచి కళ్ళెత్తాను. అతని మోచెయ్యి కీబోర్డును తాకింది. తెర మీద పెన్సిల్ మాయమైంది.

"తెరుచుకుంది!" అని బిర్తె కేకేసింది.

నేను పెన్సిల్ ఉన్న చోటు చూశాను. చెరువైన కుండీ చూశాను. పోయిన రెండు జెరేనియంలూ ఏకకంఠంతో నన్ను తిట్టినట్టనిపించింది.

"టోర్కిల్, ఆ దొంగ... నేనా?"

"మెల్లగా" అన్నాడు. "విగ్గో వింటాడు."

"మరి తెర మీద నీ పేరు?"

"అన్ని కంప్యూటర్లకూ నా పేరే పెట్టాను. ఎవరి వల్ల బిగుసుకున్నా నా పేరే పడుతుంది."

"ఆ పెన్సిల్ సంగతి నాతో ఒక్క ముక్క చెబితే పోయేది కదా!"

"పెన్సిల్ ఉన్నంతసేపూ మిగతావాళ్ళకు తెరుచుకోదని రెండుసార్లు చెప్పాను. పుస్తకంలోంచి తలెత్తకుండా 'అలాగే' అన్నావు." డబ్బా ముక్కు నుంచి కారే చుక్కను చొక్కా చేతితో తుడిచాడు. "మంచి ఘట్టంలో ఉన్నావేమో, మళ్ళీ కదిలించడం ఎందుకులే అనుకున్నాను."

"బిర్తెకు తెలుసా?"

"రెండో మొక్క పోయినప్పుడే అందరికీ తెలిసింది. విగ్గోకు తప్ప." కాస్త ఆలోచించి, "నీకూ తప్ప" అన్నాడు.

ఆ శుక్రవారం నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బ్రూన్స్‌వీయర్ చేశాను. పిండి పొంగేలోపు ఒక్క పేజీ చదువుదామని కూర్చున్నాను, కేకు ఎలా వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆచారం అందరికీ తెలిసిందే. కేకు తెచ్చినవాళ్ళు వేరే చెప్పుకోనక్కర్లేదు. దాన్ని బల్ల మధ్యలో పెట్టి, రబ్బరు బూట్లు కూడా వెంట తెచ్చుకుని, తలవంచుకుని కూర్చున్నాను.

విగ్గో ఒక ముక్క కొరికి ఆగిపోయాడు. "ఇదేమిటి, ఇటుకలా ఉంది? అడుగంతా మాడింది. ఎవరు చేశారిది?"

నేను నోరు తెరిచాను. అప్పటికే టోర్కిల్ పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని కష్టపడి నములుతున్నాడు.

"నేనే" అన్నాడు. "ఈసారి కాస్త చెయ్యి తప్పింది." ముద్ద గొంతులో అడ్డం పడిందేమో, కళ్ళతోనే నీళ్ళ డబ్బా కోసం వెతికాడు.