నీళ్లున్న కాయ

కాయలు పెట్రోల్ వాసన వస్తున్నాయని మొదట చెప్పింది శాంతమ్మ. ఆమె చిల్కూరు గుడి బాటలో కొబ్బరికాయలు, పూలు అమ్ముతుంది. మొయినాబాద్‌లోని తన కొట్టు నుంచి మోపెడ్ మీద ఆమెకు కాయలు తెచ్చి ఇచ్చేది విశ్వేశ్వర్ సేటు.

"సేటూ, మొన్న ఒకాయన కాయ కొట్టి, ముక్క నోట్లేసుకొని, ఇది దేవునికి కొట్టేదా, బండికి పోసేదా అని అడిగిండు. నేను నగుతలేను. ఇంక గిట్లనే వస్తే వేరే కొట్టుల తెచ్చుకుంట."

సేటుకు కుడిచెవి అసలు వినబడదు, ఎడమచెవి సగమే. ఈ మాట మాత్రం పూర్తిగా వినబడింది.

కొట్టు మూశాక మోపెడ్ లోపలే, కాయల బస్తాల పక్కన ఉంటుంది. కొన్నాళ్లుగా పొద్దున తలుపు తీస్తే దాని కింద గచ్చు తడిసి ఉంటోంది. ఆయన భార్య సుమిత్రమ్మ దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగించడం మానేసింది. అగ్గిపుల్ల గీస్తే దేవుడితో పాటు కొట్టూ పోతుందని ఆమె భయం. ఆ భయం సబబే.

"శుక్రారం పాత సామాన్లోడు వస్తడు," అన్నది గట్టిగా, ఎడమచెవి దగ్గర. "అంతల వాసన పోతే సరే. లేకుంటే బండి వోతది. కాయలు ఆటోల పంపుదం. మీరు కొట్టుల కూసోర్రి."

కొట్టులో కూర్చోవడమంటే ఏమిటో సేటుకు తెలుసు. బేరం ఆమెది, ఫోను ఆమెది. చెవులు మందగించినప్పటి నుంచి వచ్చినవాళ్లు ఆయన్ని దాటుకుని పోయి ఆమెతోనే మాట్లాడతారు. బస్తాల మధ్య ఆయన ఇంకో బస్తా. మోపెడ్ మీద అలా కాదు. చిల్కూరు బాటలో తెలిసినవాళ్లు చెయ్యెత్తుతారు, ఆయనా చెయ్యెత్తుతాడు. మాటామంతీ అంతటితో అయిపోతుంది. ఎవరికీ లోటుండదు.

మెకానిక్ సాలోమోను బండిని చూసి, పానా పిడితో కార్బురేటర్ మీద రెండు దెబ్బలు వేశాడు.

"లోపల సూది ఇరుక్కున్నది సేటూ. రెండు తగిలిస్తే మాటింటది."

ఆ సాయంత్రం కారడం ఆగింది. తెల్లారి గచ్చు మళ్లీ తడిసింది. సుమిత్రమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇంకో రెండు కొట్టించుకరాకపోయిన్రా?" అన్నది.

ఇక సేటే కూర్చున్నాడు. వీధి వైపు తలుపు తెరిచి, బండిని వాకిట్లోకి తెచ్చి, పాత పేపరు పరిచాడు. ట్యాంకు కింది నాబ్ మూసి చూశాడు. పేపరు పొడిగానే ఉంది. అంటే ట్యాంకు మంచిదే. నాబ్ తిప్పి, పెట్రోలు దిగే పైపు వెంట వేలు నడిపాడు. వేలికి తడి అంటలేదు. పైపూ మంచిదే. కాసేపటికి కార్బురేటర్ అడుగున వేలాడే సన్న గొట్టం లోంచి ఒక చుక్క జారింది, దాని వెనకే ఇంకొకటి. అంటే లోపలి గిన్నె నిండి పొర్లుతోంది.

గిన్నె విప్పాడు. లోపలి పని మిద్దె మీద నీళ్ల ట్యాంకులో జరిగేదే. తేలే బుడ్డ ఒకటుంటుంది. పెట్రోలు నిండేకొద్దీ అది పైకి లేచి, సూదిని నెట్టి దారి మూస్తుంది. సేటు సూదిని తుడిచాడు, రంధ్రంలో ఊదాడు, అన్నీ బిగించాడు. మళ్లీ చుక్క.

ఇక మిగిలింది బుడ్డ. చిన్న ఇత్తడి బుడ్డ, లోపల బోలు. దానికి చిల్లు పడి పెట్రోలు దూరితే బరువెక్కి మునుగుతుంది, సూదిని నెట్టలేదు. తిప్పి తిప్పి చూశాడు. చిల్లు కనబడలేదు. ఎడమచెవి దగ్గర పెట్టి ఊపాడు. ఏమీ వినబడలేదు. అయితే ఆ చెవికి వాన కూడా వినబడదు.

అది గురువారం.

లోపల సుమిత్రమ్మ ఎవరి కోసమో కాయలు ఏరుతోంది. ఒక్కో కాయను చెవి దగ్గర ఊపి, నీళ్లున్నది ఇటు, ఎండినది అటు. సేటు ఏమీ చెప్పకుండా బుడ్డను ఆమె చేతిలో పెట్టాడు. చూపు బస్తా మీదే ఉంచి, ఆమె దాన్నీ ఊపింది.

"నీళ్లున్నయి. మంచి కాయ," అని కొనేవాడి సంచిలో వేసింది.

"ఏందీ?"

"నీళ్లున్నయంటున్న!"

రోడ్డు మీద ఇద్దరు తిరిగి చూశారు. సేటు సంచిలో చెయ్యి పెట్టి బుడ్డను తీసుకున్నాడు. "కాయకుండాలె. దీనికి ఉండొద్దు," అన్నాడు. చాలా రోజుల తర్వాత కొట్టులో ఆయన చెప్పిన మాట ఒకరు నిలబడి విన్నారు. సంచి పట్టుకున్నవాడికి అదేమిటో అర్థం కాలేదు, అది వేరే సంగతి.

అలాంటి బుడ్డ మొయినాబాద్‌లో లేదన్నాడు సాలోమోను. సేటు బస్సెక్కి చేవెళ్ల పోయి, పాత బండ్ల సామాన్లమ్మే చోట ఒకటి సంపాదించి, నేరుగా సుమిత్రమ్మ ముందు పెట్టాడు. ఆమె ఊపింది. మళ్లీ ఊపింది.

"ఎండుకాయ," అన్నది మూతి ముడిచి. "గిది ఎవలు కొంటరు?"

"మనమే."

శుక్రవారం పొద్దున ఆమె తలుపు తీసి, వంగి గచ్చును చేత్తో రాసి చూసింది. బస్తా లోంచి ఒక కాయ తీసి వాసన చూసింది. సేటు గడప దగ్గరే నిలబడ్డాడు. ఆమె పటం దగ్గరికి పోయి, అగ్గిపుల్ల గీసి, ఊదుబత్తి వెలిగించింది.

పాత సామానువాడు వచ్చి, "బండన్నరు గదమ్మా?" అన్నాడు.

"ఏం బండి?" అని పాత బుడ్డను అతని తక్కెట్లో వేసింది. "నీళ్లున్నయి, పైలం."

తర్వాత వెనక్కి తిరిగి, "శాంతమ్మ ఫోన్ చేసింది, కాయలు లెవ్వంట," అన్నది. సేటుకు వినబడలేదు. ఆమె ఇంకోసారి చెప్పకుండా చిల్కూరు వైపు చెయ్యెత్తింది. ఆయనా చెయ్యెత్తి, బండి స్టాండు తీశాడు.